సరంగు పుట్టినరోజు

మా స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల మాస్టారొకరున్నారు. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో క్యారేజీ విప్పగానే, ఏదో ఒకటి చూడమని ఎవరికో ఒకరికి సలహా ఇవ్వకపోతే ఆయనకి అన్నం సహించదు. మొన్న నా వంతు వచ్చింది. ఫలానా అంతరిక్షం సిరీస్ ఉంది మేడం, ఐదో సీజన్ వచ్చింది, తెలుగులో కూడా ఉంది అని మొదలుపెట్టి, "కాకపోతే మొదటి రెండు సీజన్లూ వదిలేయండి. పరమ చెత్త. మూడోదాన్నుంచి అందుకుంటుంది. నెట్లో అందరూ అదే రాస్తారు," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. నాకు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదని టెక్కలిలో మా స్కూలు పిల్లలందరికీ తెలుసు. కానీ ఈసారి కారణం ఉంది.

"మొదటి రెండు సీజన్లూ నేను విన్నంత బాగా ఈ భూమ్మీద ఎవరూ చూసి ఉండరు మాస్టారూ," అన్నాను.

"విన్నారా? ఆడియోలో కూడా ఉందా?" అని ఆయన వెంటనే ఫోను తీశారు.

ఆయనకి అప్పుడేం చెప్పను? పప్పన్నం కలుపుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతున్నంతసేపూ నా చెవిలో జీడిపప్పు షెడ్డులో మాకు కథలు చెప్పిన ఆవిడ గొంతే ఉంది.

ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. జ్వరమని నాలుగు రోజులు పడుకుని పోయింది. నాకు ఆలస్యంగా తెలిసి పెద్దదినం నాటికి వెళ్ళాను. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు ఏడ్చింది కాసేపే. తర్వాత ఒక్కొక్కరూ ఆవిడ మాటలు చెప్పుకుని నవ్వడం మొదలుపెట్టారు. చుట్టాలు కొందరు అదోలా చూశారు గానీ, ఆవిడ ఉంటే ఇంకా గట్టిగా నవ్వమనేది.

డిగ్రీ అయ్యాక బీఈడీలో సీటు వచ్చేదాకా ఏడాదిన్నర పాటు నేను మా అమ్మతో కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్ళాను. బీఎస్సీ ఫిజిక్సు చదివి జీడిపప్పుకి పొట్టు తీయడమేమిటని మా అమ్మ బాధ. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని నా బాధ. కాల్చి, పిక్క కొట్టి, వేడిగదిలో ఆరబెట్టిన పప్పు మా షెడ్డుకి వచ్చేది. దాని మీద పల్చటి ఎర్ర పొట్టు ఉంటుంది. పప్పు విరగకుండా గోటితో, చిన్న చాకుతో ఆ పొట్టు తీయడం మా పని. తీసినదాన్ని విరగనిది గుండు, సగమైనది బద్ద, ఇంకా విరిగినది ముక్క అని వేరుచేసేవాళ్ళు షెడ్డు చివర కూర్చునేవాళ్ళు. ఆవిడ అక్కడ కూర్చునేది.

పొట్టి మనిషి. ముక్కుకి రెండువైపులా పుడకలు, తలకి తువ్వాలు, తాడు కట్టిన కళ్ళజోడు. చూపు తట్టలోంచి లేచేది కాదు. పప్పు చేతిలో పడీ పడగానే గుండు కుడివైపుకి, బద్ద ఎడమవైపుకి, ముక్క ఒళ్ళోని చేటలోకి వెళ్ళిపోయేవి. నోరు మాత్రం షెడ్డంతా తిరిగేది. చిన్నా పెద్దా అందరం ఆవిణ్ణి పిన్ని అనే పిలిచేవాళ్ళం.

కూర్చుని చేసే పనికి కథ కావాలి. లేకపోతే మధ్యాహ్నానికి మెడ విరిగిపోతుంది. ఆవిడ ముందు టీవీలో వచ్చే సీరియళ్ళు చెప్పేదట. కానీ అవి అందరూ ఇంట్లో చూసి వచ్చి, "అలగ కాదు పిన్నీ, అత్త కాదు ఇసం కలిపింది, ఆడపడుసు," అని దిద్దేవారు. ఆవిడకి దిద్దితే గిట్టదు. అందుకని ఎవరూ చూడనిదాని కోసం వెతుకులాడింది. అప్పుడు దొరికింది ఈ సిరీస్. అది దొరకడంలో ఆవిడ గొప్పేమీ లేదు. ఫోనుకి రీచార్జి చేయిస్తే ఏదో యాప్ కొన్నాళ్ళు ఉచితమన్నారు. తెరవగానే ఓడ బొమ్మ వచ్చింది. దాన్ని దాటి ఇంకోదానికి ఎలా వెళ్ళాలో ఆవిడకి తెలియలేదు.

"తలుపు తీత్తే ఎదురుగా ఎవలుంటే ఆలతోనే కదే మాటాడతాం," అనేది.

కథేమిటంటే, భూమిని వదిలి తొంభై ఏళ్ళయిన ఓడ. అందులోనే పుట్టి పెరిగిన జనం కొత్త భూమి కోసం వెతుక్కుంటూ పోతుంటారు. మొదటి సీజనంతా పూటకో గ్రహం, గ్రహానికో రబ్బరు తొడుక్కున్న రాక్షసుడు. అంతకుమించి ఏమీ లేదు. కానీ ఆవిడ చెప్పడం మొదలుపెడితే అలా ఉండేది కాదు.

"ఓడంటే ఎంతుంటాదనుకున్నారు? మన పలాస టేసను ఉన్నాది కదా, ప్లాట్‌ఫారాల్తో కలిపి ఎత్తీసి ఆకాశంలో ఎట్టీసినారనుకో, అంత!"

రోజూ కథకి ముందు నిన్నటి భాగం ఏ రకమో చెప్పేది. గుండా, బద్దా, ముక్కా అన్నది ఆవిడ తీర్పు. మొదటి సీజను అయిపోయాక మొత్తం తూచి చెప్పింది. "పన్నెండిట్లో గుండు ఒక్కటీ నేదు. బద్దలు మూడు. ముక్క ఆరు. మిగిల్నదంతా పొట్టు."

"పొట్టయితే మరెందుకు చెప్పావు పిన్నీ?" అన్నాను.

"పొట్టు పారబోత్తన్నామేటే? బస్తాలు కట్టి అమ్మటం నేదా?"

నాకు కుతూహలం ఆగలేదు. ఆ సిరీస్ ఏదో మా తమ్ముడి ఫోనులో నేనూ వెతికి పట్టుకున్నాను. చూసి ఆశ్చర్యపోయాను. ఆవిడ చెప్పినది సగానికి సగం అందులో లేదు. సిరీస్‌లో డాక్టరమ్మ తన ఓడని శత్రువులకి అప్పగిస్తుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. పిన్ని కథలో మాత్రం డాక్టరమ్మ అన్నగారు ఆ శత్రువుల దగ్గర తాకట్టులో ఉన్నాడు. "ఊరికే ఎవలైనా అలగ సేత్తారేటి? ఏదో ఉంటాది. ఆలు సెప్పడం మర్సిపోనారు," అంది నేను అడిగితే. ఇంకోసారి అంతరిక్షంలో బాంబు పేలిందని, ఆవిడ షెడ్డు దద్దరిల్లేలా నోటితో చప్పుడు చేసింది. గాలి లేనిచోట చప్పుడు వినిపించదు పిన్నీ అన్నాను. కళ్ళజోడు పైనుంచి చూసింది. "సప్పుడు నేకపోతే నాను కతెలగ సెప్పాల? నీ సదువు నీ దగ్గిరెట్టుకో," అంది. షెడ్డంతా నవ్వింది. నేను రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను.

నా పక్కన ఒక పిల్ల కూర్చునేది. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. బారువలో మెట్టింది కాబట్టి అందరూ బారువ అనే పిలిచేవారు. ఆమె మొగుడు చేపల వేటకి గుజరాత్ బోట్ల మీదికి వెళ్ళాడు. మా తీరంలో మగవాళ్ళు చాలామంది అలాగే వెళ్తారు. ఒక పొద్దున్న మంచులో ఆ బోటు సరిహద్దు గీత దాటింది. నీటి మీద గీత ఎవరికి కనబడుతుంది? అవతలి దేశం వాళ్ళు బోటుతో సహా పట్టుకుపోయి జైల్లో పెట్టారు. అప్పటికి ఏడాది దాటింది. రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటిలోనూ నేను బాగున్నాను, మీరు బాగుండాలి అని ఉంది, అంతే. ఆ పిల్ల కాశీబుగ్గలో అక్క ఇంట్లో ఉంటూ పనికి వచ్చేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. కథ కూడా విన్నట్టుండేది కాదు. కానీ ఓడ నడిపే కెప్టెన్‌ని ఆవిడ సరంగు అనేది. మా వైపు బోటు నడిపే పెద్దని అనే మాటే అది. ఆ మాట వినబడ్డప్పుడల్లా బారువ పిల్ల తలెత్తేది. కొన్నాళ్ళకి సరంగు ఏం చేశాడో తెలిస్తే గానీ క్యారేజీ విప్పని స్థితికి వచ్చింది.

మొదటి సీజను పదకొండో భాగంలో సరంగు చచ్చిపోతాడు. ఆ నటుడికి వేరే బేరం కుదిరిందో, జీతం దగ్గర తేడా వచ్చిందో, రాసేవాళ్ళు అతన్ని ఓడ తలుపు తెరిచి బయటికి విసిరేశారు. శవాన్ని కూడా చూపించారు. నేను ముందురోజే చూసేశాను కాబట్టి, ఆవిడ ఎలా చెబుతుందా అని మర్నాడు చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

ఆవిడ తలుపు దాకా బ్రహ్మాండంగా వచ్చింది. "తలుపు తెరుసుకున్నాది. సరంగు ఎగిరిపోనాడు. ఎగిరిపోయి..."

నా పక్కన చాకు ఆగిపోయింది. బారువ పిల్ల ముఖంలో రక్తం లేదు. ఆవిడ తట్టలోంచి చూపెత్తి, నలభై మందిని దాటుకుని, ఆ పిల్ల వైపు ఒక్కసారి చూసింది.

"...ఎగిరిపోయి, అవతలోల ఓడకి సిక్కీసినాడు. ఆలు పట్టుకుపోనారు."

"బతికే ఉన్నాడు కదా పిన్నీ?" అంది బారువ పిల్ల. ఆ షెడ్డులో ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది అదే మొదలు.

"మరేటి? నిచ్చేపంలా ఉన్నాడు. జైల్లో ఎట్టినారు, అంతే," అని ఆవిడ బద్దలు ఏరుకోవడంలో పడింది.

ఆ సాయంత్రం ఆటో స్టాండు దాకా ఆవిడ వెనకే నడిచాను. అప్పటికే ఉడికిపోతున్నాను.

"పిన్నీ, సరంగు చచ్చిపోయాడు. నేను చూశాను."

"సచ్చిపోనాడని నీకెవలు సెప్పినారు?"

"శవాన్ని చూపించారు!"

"అది శవమేటే? యాక్టింగు. సాయంత్రానికి లెగిసి ఇంటికెలిపోనుంటాడు."

"నవ్వులాట కాదు. ఆ అమ్మాయి నిజమనుకుంటోంది. రేపు ఆమె మొగుడు రాకపోతే ఏం చేస్తావు? లేనిపోని ఆశ పెట్టడం తప్పు కాదా?"

ఆవిడ నిలబడిపోయింది. ఆవిడకి కోపం రావడం నేను ఆ ఒక్కసారే చూశాను. "రాకపోతే అప్పుడేడుత్తాది. ఇప్పట్నుంచీ ఏడిపించమంటావేటి? ఎవడో తెల్లోడు జీతం సాల్లేదని ఎలిపోతే, ఆడి కోసం ఈ గుంట అన్నం మానీయాలా?" అని, ఆటో ఎక్కి, నా ఛార్జీ కూడా తనే ఇచ్చేసింది. నాకు మాత్రం ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

రెండో సీజను మొదటిదానికంటే అధ్వానం. కొత్త కెప్టెన్ నడుం మీద చేతులు వేసుకుని కిటికీలోంచి చూడడం తప్ప ఏమీ చేయడు. ఆవిడ ఆ ఓడ కథని పది నిమిషాల్లో తేల్చేసి, చివర్లో సరంగు కబురు చెప్పేది. అది పూర్తిగా ఆవిడ సొంతం. జైలు గ్రహంలో సరంగు కాపలావాళ్ళకి చింతపండు పులుసు పెట్టడం నేర్పాడు. జైలు పెద్దకి కాళ్ళు పదహారు, అందుకని చెప్పులు కొనలేక అప్పులపాలయ్యాడు. సరంగు తాడుతో చెప్పులల్లి ఇచ్చి మచ్చిక చేసుకున్నాడు. బారువ పిల్ల పొద్దున్నే వచ్చి, "ఇయాల సరంగు కబురు ముందు సెప్పీ పిన్నీ," అని పేచీ పెట్టేది. ఆమె బుగ్గలు నిండాయి. పనిలో మా అందరినీ మించిపోయింది. ఇది తప్పని వాదించిన నేనే, ఒకరోజు ఆవిడకి ఒంట్లో బాగాలేక రాకపోతే, సరంగు ఏమయ్యాడో తెలియక గిలగిల్లాడిపోయాను.

మూడో సీజను ఆ ఏడే వచ్చింది. వచ్చిన మర్నాడు ఆవిడ షెడ్డుకి వచ్చిన తీరు వేరుగా ఉంది. చేతులు కడుక్కుంటూ నన్ను పక్కకి పిలిచింది.

"సూసినావేటే?"

"ఇంకా లేదు."

"గుండు. సిన్న సెక్కు కూడా నేదు. నానేటీ మార్సక్కర్నేదే," అంది. ఆ మాటలో సంతోషం ఉంది, కాస్త కినుక కూడా ఉంది. రెండు సీజన్ల కథని ఇన్నాళ్ళూ తనే బాగుచేసుకుంటూ వచ్చింది కదా. "ఇదివరకటోడికి సేతులే ఉన్నాయి, కళ్ళు నేవు. ఈడెవడో కొత్తోడు. పనోడు."

ఇంటికి వెళ్ళి చూశాను. రాసినవాళ్ళ పేర్లు నిజంగానే మారాయి. గ్రహాలు లేవు, రబ్బరు రాక్షసులు లేరు. ఓడలో నీళ్ళు తగ్గిపోతున్నాయి. ఎవరు ఎంత తాగాలన్నదే కథ. ఆ నీళ్ళ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి సరంగు. ఆయన చెప్పినప్పుడు ఎవరూ వినలేదు, ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. మొదటి భాగమంతా ఆయన సంస్మరణ సభ. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. తుడుచుకుంటుండగానే గుండెల్లో రాయి పడింది.

ఆవిడకీ అదే రాయి. "సెడ్డ కతకి ఎక్కడ పడితే అక్కడ కన్నాలుంటాయి. ఏ కన్నంలోనైనా మన ముక్క ఇరికించీయొచ్చు. మంచి కతకి సందు దొరకదే," అంది. అయినా మూడు రోజులు ఎలాగో నెట్టుకొచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం బారువ పిల్ల కొత్త ఫోను తెచ్చింది. తమ్ముడు కొనిచ్చాడట, యాప్ కూడా పెట్టిచ్చాడట. "నాకు సరంగుని ఒక్కసారి సూపించండి. ఎలగుంటాడో సూత్తాను," అంది. షెడ్డంతా చుట్టూ మూగింది. ఫోనుని క్యారేజీ గిన్నెకి ఆనించి నిలబెట్టారు. వేలు తగిలిందో లేదో మూడో సీజను మొదటి భాగం మొదలైపోయింది.

ఆవిడ ఒక్క ఉదుటున వచ్చి శబ్దం మూసేసింది. "మేస్త్రి ఇంటే తిడతాడు. నాను సెప్తాను, మీరు సూడండి."

తెర మీద పెద్ద హాలు. మధ్యలో సరంగు నిలువెత్తు ఫొటో. దాని ముందు వరసగా కొవ్వొత్తులు. చుట్టూ నల్లబట్టల్లో జనం.

"ఈయనేనా సరంగు?" అంది బారువ పిల్ల.

"ఈయనే."

"ఫొటో ఎందుకెట్టినారు పిన్నీ? దీపాలెందుకు?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఆవిడ తడుముకోలేదు.

"పుట్టిన్రోజు. ఆలకి పుట్టిన్రోజుకి కొవ్వొత్తులెడతారు కదే! ఎప్పుడూ సూడనేదేటి?"

"మరి నల్లబట్టలు?"

"ఆలకి అయ్యే పండగ బట్టలు. కోట్లు సూడు, ఎలగ ఇస్త్రీ సేసినారో."

తెర మీద డాక్టరమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. బారువ పిల్ల దాన్ని వేలితో చూపించింది. పిన్ని గొంతు కాస్త తగ్గింది. "మడిసి పక్కన నేనప్పుడు ఆడి పుట్టిన్రోజొత్తే ఏడుపు రాదేటమ్మా?"

ఆ పిల్ల చాలాసేపు తెరకేసి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు సదువుకున్నావు కదా. నిజం సెప్పు. పుట్టిన్రోజేనా?"

ఇన్నాళ్ళూ నిజం, నిజం అని ఎగిరిన మనిషిని. మా అమ్మ నన్నే చూస్తోంది. ఆవిడ మాత్రం చూడటం లేదు, పక్కనున్న తట్ట లాక్కుని పప్పు ఏరుకుంటోంది. కానీ ఏరుతున్నది గుండూ బద్దా కలిపేసి అని నాకు కనబడింది.

"పుట్టినరోజే," అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఓడ వేగంగా పోతుంటుంది కదా, అక్కడ లెక్కలు వేరు. మనలా ఒక్కరోజు కాదు, వారం పాటు చేస్తారు," అని సైన్సు కలిపాను. న్యూటన్ ఎక్కడున్నా నన్ను క్షమించాలి.

బారువ పిల్ల ఫోనులోని ఫొటోకేసి మళ్ళీ చూసి, "మా ఆయన కంటే పొట్టే," అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పట్నుంచి నేను ఆవిడకి భాగస్వామిని. సాయంత్రం ఆటోలో మర్నాటి సరంగు కబురు ఇద్దరం కలిసి అల్లేవాళ్ళం. ఒకరోజు నేను, బరువైన గ్రహం దగ్గర కాలం నెమ్మదిగా నడుస్తుందని, ఇక్కడ ఏడాది అక్కడ నెల్లాళ్ళే కావచ్చని చెప్పాను. ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇన్నాళ్ళూ ఇలాటిది దాసుకుని, సప్పుడు నేదు, గాలి నేదని నన్ను తిన్నావు కదే!" మర్నాడు షెడ్డులో దాన్ని చెప్పింది. బారువ పిల్ల చాకు పక్కన పెట్టి, "అయితే ఆయనకి ఆట్టే రోజులైనట్టు అనిపించదు కదా," అంది. డిగ్రీలో నేర్చుకున్నది మొదటిసారి ఒకరికి పనికొచ్చింది అక్కడే. బీఈడీలో, ఉద్యోగంలో మళ్ళీ అంత బాగా పనికొచ్చిందని చెప్పలేను.

మరి కొన్ని నెలలకి విడుదలయ్యేవాళ్ళ జాబితా వచ్చింది. అందులో బారువ పిల్ల మొగుడి పేరుంది. కబురు వచ్చిన రోజు షెడ్డులో పని జరగలేదు. మేస్త్రే బెల్లం ఉండలు తెప్పించాడు. బారువ పిల్ల నవ్వుతూ అందరికీ కాళ్ళకి దండాలు పెట్టేసింది, నాకు కూడా. ఆ గొడవలో ఆవిడ నా చెవి దగ్గరికి వచ్చి, "ఇంక సరంగుని సంపీయొచ్చు కదే?" అంది.

"ఏంటి పిన్నీ!"

"ఆడి సావు మీదే కదా ఈ కతంతా నిలబడినాది. ఇన్నాళ్ళూ మొయ్యనేక మొయ్యనేక మోసినాను. మంచి సోట సూసి, గౌరవంగా సంపీత్తాను."

చంపేయమన్నాను. కానీ చంపడం కుదరలేదు.

మనిషి వచ్చాడు గానీ మాట రాలేదు. బక్కచిక్కి, గడ్డం నెరిసి వచ్చాడు. బారువ వెళ్దామంటే వద్దన్నాడు. కాశీబుగ్గలో వదిన ఇంట్లోనే ఉండిపోయాడు. ఎవరు పలకరించినా తల ఊపడం, పెట్టింది తినడం, గోడకి ఆనుకుని కూర్చోవడం. మూడు వారాలయినా పెళ్ళాంతో పది మాటలు మాట్లాడలేదు. ఆ పిల్ల మళ్ళీ పాత బారువ పిల్ల అయిపోయింది. మనిషి లేనప్పుడు కబురైనా ఉండేది, ఇప్పుడు అదీ లేదని మా అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. ఇంట్లో ఒక్కణ్ణీ వదిలి రావడానికి భయమేసి, అతన్ని కూడా వెంట తీసుకురావడం మొదలుపెట్టింది. మేస్త్రి మంచివాడు, బస్తాలు సర్దమన్నాడు. అతను సర్దేవాడు. మిగతా సమయం షెడ్డు గుమ్మంలో ఖాళీ గోతాల మీద కూర్చునేవాడు.

అలా నాలుగో రోజో ఐదో రోజో, పొద్దున్న పది గంటలవేళ, షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. అతను వచ్చాక ఆవిడ సరంగు కబురు మానేసింది. ఓడ కథ కూడా నత్తనడకన నడుస్తోంది. బారువ పిల్ల తలెత్తకుండానే, "సరంగు కబురు సెప్పీ పిన్నీ," అంది.

ఆవిడ గుమ్మంకేసి చూసింది, నాకేసి చూసింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "సరంగు పొద్దున్నే లెగిసినాడు. జైలు కిటికీలోంచి బయటికి సూసినాడు..."

"కిటికీ ఉండదు."

గొంతు గుమ్మంలోంచి వచ్చింది. అందరం తిరిగి చూశాం. అతను నేలకేసి చూస్తున్నాడు.

ఎవరు దిద్దినా ఊరుకోని మనిషి ఆవిడ. "కిటికీ ఉండదేటి?" అంది మెల్లగా.

"ఉండదు. పైన కన్నం ఉంటాది. ఆకాసం కనిపిత్తాది. కింద ఊరున్నాదో అడివున్నాదో తెల్దు."

"మరి తెల్లారినట్టు సరంగుకి ఎలగ తెలుత్తాది?"

"రొట్టెలొత్తాయి. సరంగుకి రొట్టి పడదు. నీలల్లో నానెట్టుకుని అన్నం అనుకుని తింటాడు."

బారువ పిల్ల చేతిలోంచి తట్ట జారింది. ఆవిడ ఆ పిల్లని చూడొద్దన్నట్టు మా అందరికీ సైగ చేసి, తన కళ్ళు తట్టలోకి దించేసింది. "రాత్తిరికి పడుకుంటాడా?"

"మొదట్లో నిద్దర రాదు. కెరటం సప్పుడు నేదు కదా. పుట్టిన కాణ్ణించీ ఆ సప్పుడులోనే తొంగున్నోడు సరంగు." అతను గోతంలోంచి పీచు ఒకటి లాగాడు. "పక్క గదిలో ఒకడు నోటితో కెరటం సప్పుడు సేసేవోడు. అది ఇని తొంగునేవోడు. ఆడిది భావనపాడు. బాగా సేసేవోడు."

మా తీరంలోని భావనపాడు మనిషి ఆ గ్రహానికి ఎలా వెళ్ళాడని షెడ్డులో ఒక్కరూ అడగలేదు. కాలం, బరువు, వేగం అని చదువుకున్న నేనూ అడగలేదు.

అతను చెబుతూనే ఉన్నాడు. సరంగుకి ఎవరో చొక్కా ఇచ్చారు. సరంగుకి జ్వరం వచ్చింది. సరంగు పక్కనున్న ముసలాయన పోయాడు, సరంగు ఆయన దుప్పటి కప్పుకోలేక వారం రోజులు చలికి వణికాడు. పెళ్ళానికి, వదినకి, తోడల్లుడికి, ఎవరికీ చెప్పనిదంతా సరంగుది కాబట్టి చెప్పగలిగాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనిపించలేదు. ఆవిడ మధ్యమధ్య చిన్న ప్రశ్న వేస్తూ, అతను ఆగినప్పుడు తొందరపెట్టకుండా, ఓపిగ్గా వింది.

చివరికి అడిగింది. "మరి సరంగుకి పెల్లాం ఉన్నాదా?"

సిరీస్‌లో సరంగుకి పెళ్ళాం లేదు. ఆవిడ కథలో కూడా ఎప్పుడూ లేదు. అతను తలెత్తాడు. షెడ్డులోకి వచ్చిన ఇన్ని రోజుల్లో మొదటిసారి బారువ పిల్ల ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఉన్నాది," అన్నాడు. "గయ్యాళిది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నలభై మంది ఆడవాళ్ళు ఒక్కసారి నవ్వారు. బారువ పిల్ల లేచి, చేటెడు పొట్టు తీసుకెళ్ళి అతని నెత్తిన కుమ్మరించింది. "గయ్యాళిదాన్నా? నానా?" అని అతని వీపు మీద రెండు దెబ్బలు వేసి, అక్కడే కూలబడి ఏడ్చింది, ఏడుస్తూ మళ్ళీ నవ్వింది. మేస్త్రి పరుగెత్తుకొచ్చి ఏమైందని అరిచాడు. 

నవ్వులు సద్దుమణిగేదాకా ఆవిడ ఆగింది. తట్ట పక్కకి నెట్టి, తన పీటని గుమ్మం వైపుకి జరుపుకుని, కథ వినే మా అందరిలాగే కింద నుంచి మెడ ఎత్తి అడిగింది.

"తరవాతేటయింది సరంగా?"

గడ్డంలో ఇరుక్కున్న పొట్టు దులుపుకోకుండానే, అతను చెప్పడం మొదలుపెట్టాడు.